ఆదివారం కాజాలు

క్రిస్టినాకు అంకెలు మొదట నేర్పింది బడి కాదు, రొయ్యల చెరువు.

భీమవరం దాటి కాలువ వెంబడి లోపలికి వెళ్తే పల్లంరాజు గారి చెరువులు వరసగా ఆరు కనిపిస్తాయి. ఆ గట్ల మీద ఆమె తండ్రి సాల్మన్ ఇరవై ఏళ్ళుగా మేత చూస్తున్నాడు. బడి లేని రోజుల్లో క్రిస్టినా తండ్రి వెనకాలే నడుస్తూ, ఆయన డబ్బాతో ఎన్నిసార్లు మేత చల్లాడో పైకి లెక్కపెట్టేది. లెక్క తప్పకపోతే బహుమానం ఉండేది. మేత షెడ్డు మూలనున్న నీలం డ్రమ్ములోంచి ఒక బెల్లం ముక్క. ఆ బెల్లం రొయ్యల కోసం తెచ్చిందని ఆమెకు చాలాకాలం తెలియదు. తెలిశాక కూడా తినడం మానలేదు.

తల్లి ప్రసన్నకుమారి అదే ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. కడుపుతో ఉన్నవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి, గోడకు రంగుల చార్టు తగిలించి, పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు అంటూ స్కేలుతో ఒక్కొక్క బొమ్మా చూపించేది. క్రిస్టినా ఆ చార్టు కిందే పాకింది, నడిచింది. ఐదేళ్ళప్పుడు ఒకరోజు లేచి నిలబడి, "అన్నీ ఉన్నాయి, మరి కాజా ఏదమ్మా?" అని అడిగితే చాప మీదవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారని ప్రసన్నకుమారి ఇప్పటికీ చెబుతుంది.

ఆ పిల్లకు పెద్దయ్యాక సీటు వచ్చింది ఎక్కడంటే, కాకినాడలో. నర్సింగు చదువు. కాజాల ఊళ్ళో ఉంటూ కాజా తినకపోవడం మర్యాద కాదని క్రిస్టినా మొదటి వారంలోనే తేల్చుకుంది.

హాస్టల్లో ఆమె రోజు ఇలా నడిచేది. ఆసుపత్రి బస్సు ఆరూముప్పావుకి, మెస్సులో టిఫిను ఏడింటికి. అందువల్ల టిఫిను ఆమె ఎరగదు. పదకొండింటికి క్యాంటీనులో ఎగ్ పఫ్. మధ్యాహ్నం మెస్సు సాంబారును దూరం నుంచే చూసి పలకరించి, నాలుగింటికి టీతో కాజాలు. ఆరింటికి బండి దగ్గర ముంత మసాలా, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఆ పైన చదువుకుంటూ గుప్పెడు పెరుగన్నం. రెండేళ్ళు ఇలాగే గడిచాయి.

"నీకు సూదేస్తే రక్తం రాదే, పాకం వస్తుంది," అనేది సాయిదుర్గ.

సాయిదుర్గ ఆమె గదిలో ఉండే పిల్ల. ఉప్పాడ వైపు వేటకారుల ఇంటి నుంచి వచ్చింది. తండ్రి సముద్రం మీదికి వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. అరిచి మాట్లాడటం, పొట్ట నిండా తినడం, పడుకున్న వెంటనే నిద్రపోవడం ఆ పిల్లకు పుట్టుకతో వచ్చాయి.

క్రిస్టినాకు తీపి తరవాత అంత ఇష్టమైనది ఓటీ, అంటే ఆపరేషన్ థియేటరు. మొదటి ఏడాది ఒకసారి తలుపు గుండ్రటి అద్దంలోంచి లోపలికి చూసింది. ఆకుపచ్చ బట్టల్లో ఒక సిస్టరు, డాక్టరు గారు అడగకముందే చెయ్యి చాచి పనిముట్టు అందిస్తోంది. ఆమె ముఖం కనబడలేదు, చెయ్యి ఒక్కటే కనబడింది. ఆ చెయ్యి తనది కావాలని అప్పుడే అనుకుంది. పుస్తకంలోని పనిముట్ల పేర్లన్నీ వల్లె వేసింది. సెలవు రోజుల్లో మంచం మీద గరిటెలు, చెంచాలు, మెస్సు నుంచి అరువు తెచ్చిన పట్కారు వరసగా పేర్చేది. సాయిదుర్గ డాక్టరయ్యేది.

"సిస్టర్, ఆర్టరీ!"

రక్తనాళాన్ని నొక్కిపట్టే ఆ పనిముట్టుకు బదులు పట్కారు వచ్చి చేతిలో పడేది.

"సిస్టర్, సిజర్!"

కత్తెర వచ్చేది.

"సిస్టర్, పేషెంటుకి ఆకలేస్తోంది, చేపల పులుసు!"

"డాక్టరు గారూ, ముందు కుట్లు వెయ్యండి."

మూడో ఏడాది ఓటీ పోస్టింగ్ పడే తేదీ నోటీసు బోర్డులో పెట్టారు. సరిగ్గా అప్పుడే శ్రమకాలం వచ్చింది.

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాలంలో ఇష్టమైనదేదో ఒకటి వదులుకోవడం క్రిస్టినా వాళ్ళింట్లో అలవాటు. సాల్మన్ చుట్ట మానేసేవాడు. ప్రసన్నకుమారి టీవీ సీరియళ్ళు. ఆ ఏడాది శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు కాకినాడ చర్చిలో తలా ఒక చిన్న కాగితం ఇచ్చి, దేన్ని వదులుకుంటారో రాసి పళ్ళెంలో వెయ్యమన్నారు. ఓటీ పోస్టింగ్ బాగా జరగాలని క్రిస్టినా పెద్ద మనసు చేసుకుంది. 'తీపి, నూనె వంటలు, బయటి తిండి. నలభై రోజులు' అని రాసి వేసేసింది.

గదికొచ్చి చెబితే సాయిదుర్గ అడిగింది.

"అయితే నువ్వింక తినేదేం మిగిలిందే?"

క్రిస్టినా ఆ మాటను వేళాకోళం కింద తీసుకుంది. అది వేళాకోళం కాదు. పఫ్ పోయింది, కాజా పోయింది, బజ్జీ పోయింది. వాటి చోట్లోకి ఇడ్లీ రాలేదు, పప్పన్నం రాలేదు. నాలుగు టీలు, గుప్పెడు పెరుగన్నం, మాట నిలబెట్టుకుంటున్నానన్న ఒక సంతోషం. వీటితో ఎనిమిది రోజులు నడిచింది.

తొమ్మిదో రోజు, గురువారం, వార్డులో డ్రెస్సింగు సామాను పట్టుకుని నిలబడి ఉండగా ఎదుటి గోడ నెమ్మదిగా పక్కకు జరిగింది. తరవాత వినబడింది, కాలికి ఆపరేషనైన ఒక మామ్మ గారి గొంతు.

"సిస్టరమ్మ పడిపోయిందండోయ్! ఎవరన్నా రండి! ఆ పిల్లని నా మంచం మీద పడుకోబెట్టండి, నేను కూర్చుంటాలే!"

వార్డంతా మూగింది. రోగులే విసనకర్రలతో విసిరారు, రోగుల చుట్టాలే గ్లూకోజు నీళ్ళు పట్టారు. క్రిస్టినాకు కళ్ళు తిరగడం కంటే ఆ సిగ్గే ఎక్కువ బాధ పెట్టింది. రక్తం పరీక్ష చేస్తే, పన్నెండు ఉండాల్సిన హీమోగ్లోబిన్ తొమ్మిదిన్నరే ఉంది.

ట్యూటరు వీరవేణి మేడమ్ కోప్పడే మనిషి కాదు. అదే భయం. ఐరన్ మాత్రల చీటీ రాసిచ్చి నెమ్మదిగా అంది.

"చూడమ్మా, ఓటీలో ఒక్కోసారి ఐదు గంటలు నిలబడాలి. అక్కడ నువ్వు పడితే పేషెంటు మీద పడతావు. ఇంకా మూడు వారాల పైన టైముంది. ఈలోపు మళ్ళీ ఒక్కసారి ఇలా అయినా, వెనక బ్యాచ్‌తోనే నీకు ఓటీ. అంటే వచ్చే ఏడాది. నీకిష్టమని నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను."

శనివారం క్రిస్టినా ఇంటికి బయల్దేరింది. సాయిదుర్గ ఫోను ఆమె కంటే ముందే ఇంటికి చేరింది. గుమ్మంలోనే ప్రసన్నకుమారి అందుకుంది.

"ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళందరికీ నేను పాఠం చెప్పాలి, నా కూతురు వార్డులో పడిపోవాలి! రేపట్నించి ఆ చార్టు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడనే? 'మీ అమ్మాయికి చెప్పుకోండి టీచరు గారూ' అనరూ నన్ను?"

"అమ్మా, దేవుడికి మాటిచ్చాను..."

"దేవుడు నిన్ను పప్పు మానమన్నాడా?"

తల్లి తిడుతూనే తోటకూర పప్పు కలిపి పెట్టింది, తిట్టు తిట్టుకూ ఒక ముద్ద.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, రెండింటి మేతకు సాల్మన్ చెరువుకు వెళ్తూ, "రామ్మా అమ్మడూ, గాలికి తిరిగొద్దాం," అన్నాడు. షెడ్డులోకి వెళ్ళాక నీలం డ్రమ్ము మూత తీశాడు.

"చెయ్యి పట్టు."

అరచేతిలో బెల్లం ముక్క పడింది.

"నాన్నా, శ్రమకాలం. కాగితం మీద రాసిచ్చాను."

"ఎన్ని రోజులని రాశావు?"

"నలభై."

"భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా లెక్కపెట్టు. చిన్నప్పుడు లెక్క తప్పేదానివి కాదుగా."

వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. నలభై రావలసింది నలభై ఆరు వచ్చింది. మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ నలభై ఆరే.

"ఆరెక్కువొస్తున్నాయి నాన్నా."

"ఆ ఆరూ ఆదివారాలు. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఆ రోజు ఉపవాసం లెక్కలోకి రాదు. మా చిన్నప్పుడు సండే స్కూల్లోనే చెప్పారు. అందుకే నేను ఆదివారం చుట్ట కాలుస్తాను. నువ్వు చూళ్ళేదా?"

చూసింది. తండ్రి మాట తప్పుతున్నాడని ఇన్నేళ్ళూ మనసులో క్షమిస్తూ వచ్చింది. ఆ సంగతి ఇప్పుడు పైకి చెప్పలేక బెల్లం నోట్లో వేసుకుంది. పన్నెండు రోజుల తరవాత తీపి నాలుక మీద కరుగుతుంటే కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

సాల్మన్ మేత బేసిన్లో పోసి, బెల్లం నీళ్ళలో మందు పొడి కలిపి, దాని మీద చిలకరించి చేత్తో కలపసాగాడు.

"ఇంత మేతకి అంత కొంచెమేనా బెల్లం?" అడిగింది క్రిస్టినా.

"అంతే. ఇదుంటే మందు మేతకి అంటుకుంటుంది, రొయ్య ఇష్టంగా తింటుంది."

"ఎక్కువైతే?"

"నీళ్ళు పాడవుతాయి. తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలి కొట్టుకుంటాయి."

"మేత మానేసి బెల్లం ఒక్కటే పోస్తే?"

సాల్మన్ చెయ్యి ఆపి కూతురి వంక చూశాడు.

"అది నువ్వు రెండేళ్ళు చేశావుగా."

"మరి బెల్లమూ మానేసి, మేతా వెయ్యకపోతే?"

"అది తొమ్మిది రోజులు చేశావు."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. వార్డులో పడిపోయిన రోజు నుంచి క్రిస్టినా నవ్వడం అదే మొదలు.

మేత చల్లిన రెండు గంటలకు, ఎంత మిగిలిందోనని చెరువులో దించిన చెక్ ట్రే ఎత్తాడు. తాడు కట్టిన వల పళ్ళెం అది. అందులో కొంచెం మేత వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటలు పోయాక ఎత్తి, మిగిలితే తగ్గిస్తారు, ఖాళీ అయితే పెంచుతారు.

"ఎంతెయ్యాలో బస్తా మీద రాసే ఉంటుంది అమ్మడూ. కానీ రొయ్యలు బస్తా చదవవు. ట్రే ఎత్తి చూసుకోవాల్సిందే. ఇంకోటి. రోజుకి నాలుగు పూటలంటే నాలుగు పూటలే. ఒక పూట తప్పిందని అదంతా తరవాతి పూటలో కుమ్మరించకూడదు."

చివరి మాట చెబుతున్నప్పుడు క్రిస్టినా గట్టు చివర దిగిన కొంగలను చూస్తోంది. అందువల్ల ఆ ఒక్క మాట చెవిన పడలేదు.

కాకినాడ వెళ్ళగానే మెస్సు వంటామె పాపాయమ్మ దగ్గర మూత ఉన్న స్టీలు డబ్బా పెట్టింది.

"అమ్మా, ఆరున్నరకి నాలుగిడ్లీలు దీంట్లో పడేస్తారా? బస్సులో తింటాను."

"రెండేళ్ళ నుంచి ఈ మాట కోసం చూస్తున్నానండి సిస్టరు గారూ," అంది పాపాయమ్మ. "ఏ నాడన్నా మా సాంబారు వైపు దయగా చూశారా?"

పదకొండింటికి క్యాంటీను బదులు సంచీలోంచి వేయించిన వేరుశెనగలు, ఒక అరటిపండు. మధ్యాహ్నం పప్పన్నం, పక్కన సాయిదుర్గ తల్లి పంపిన ఎండు నెత్తళ్ళు. సాయంత్రం శెనగ గుగ్గిళ్ళు. తిన్న రెండు గంటలకు తనను తాను పరీక్ష చేసుకునేది. క్లాసులో కళ్ళు వాలుతున్నాయా? అయితే ఎక్కువైంది. చేతులు వణుకుతున్నాయా? అయితే చాలలేదు. సాయిదుర్గకు ఈ ఆట బాగా నచ్చింది. వార్డు అవతలి చివర నుంచి కేకేసేది.

"ఏమే, ట్రే ఎత్తావా?"

రోగులు ఏ ట్రే అనుకున్నారో ఏమో, వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు.

వారం రోజులు ఇలా బుద్ధిగా గడిచి, ఆదివారం వచ్చింది. ఆదివారం ఉపవాసం లేదు! చర్చి గేటు దాటగానే క్రిస్టినా కాళ్ళు వాటంతటవే కాజాల కొట్టు వైపు నడిచాయి. వారమంతా తిననివన్నీ ఆ ఒక్కరోజే తినెయ్యాలన్న పట్టుదలతో ఆరు కాజాలు తింది, భోజనం మానేసి. నాలుగింటికి పఫ్, ఆరింటికి బజ్జీలు, ఆ పైన బండి మీద ఫ్రైడ్ రైసు, చివర ఐస్‌క్రీము. సాయిదుర్గ లెక్కపెట్టి లెక్కపెట్టి అలిసిపోయి, "ఇదుగో, నేను సాక్షిని కాను," అంది.

సోమవారం లేవలేకపోయింది. కడుపులో మెలిపెట్టి, మధ్యాహ్నం దాకా బాత్రూముకీ మంచానికీ మధ్యే డ్యూటీ. మేడమ్ హాజరు పిలిచినప్పుడు, "కడుపునొప్పండి," అని సాయిదుర్గ నిజమే చెప్పింది. వీరవేణి మేడమ్ క్రిస్టినా పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది. ఆ చుక్క సంగతి వినగానే క్రిస్టినాకు మెలికలు తగ్గిపోయి భయం పట్టుకుంది. ఓటీ పోస్టింగ్‌కు ఇంక రెండు వారాలు.

తండ్రికి ఫోను చేసింది.

"ఆరు రోజుల బెల్లం ఒక్క పూటలో కుమ్మరించావా?" అన్నాడు సాల్మన్.

"అలా చెయ్యకూడదని నువ్వు చెప్పలేదుగా నాన్నా."

"చెప్పాను. నువ్వు కొంగల్ని చూస్తున్నావు."

తరవాతి ఆదివారం ముందు భోజనం చేసింది. మెస్సులో, కూర్చుని, కోడిగుడ్డు కూరతో. పొట్ట నిండాక గదికొచ్చి పళ్ళెంలో రెండు కాజాలు పెట్టుకుంది. కొరికినప్పుడు పొర విరిగిన చప్పుడు వినబడింది. లోపల దాచుకున్న పాకం నాలుక మీదికి నెమ్మదిగా దిగింది. రెండేళ్ళుగా, ఆకలి కడుపుతో, నడుస్తూ, నోట్సు తిరగేస్తూ ఎన్ని తిందో లెక్కలేదు. కాజా రుచి ఇదని ఆ రోజే తెలిసినట్టనిపించింది. మూడోది కావాలా అని తనను అడిగి చూసుకుంది. అక్కర్లేదు. దానికే ఆమెకు ఆశ్చర్యం వేసింది.

"ఒసేయ్, కాజా మిగిల్చావా?" అంటూ సాయిదుర్గ వచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరమేం లేదే!"

ఇంకో వారం ఇలాగే గడిచాక, సోమవారం ఓటీ పోస్టింగ్ మొదలైంది. బస్సులో నాలుగిడ్లీలు, ఒక గుడ్డు. ఎనిమిదిన్నరకు ఆకుపచ్చ బట్టల్లో, ముఖానికి గుడ్డ కట్టుకుని, పనిముట్ల బల్ల దగ్గర పెద్ద సిస్టరు పక్కన నిలబడింది. గోడ దగ్గర వీరవేణి మేడమ్ నిలబడి ఉంది, పనిముట్లను కాక క్రిస్టినా మోకాళ్ళను చూస్తూ.

మొదటి కేసు కాన్పు ఆపరేషను. రెండోది కూడా కాన్పే. మూడోది కడుపు ఆపరేషను, మొదలుపెట్టాక పొడుగైంది. పన్నెండు దాటింది. ఒంటిగంట అయింది. ఒకసారి దీపం వెలుగు కళ్ళలో పడి ఒళ్ళు జల్లుమంది. గోడ వంక చూసింది. గోడ కదల్లేదు. ఎక్కడిది అక్కడే ఉంది. ట్రే ఎత్తి చూసుకుంది మనసులో. చేతులు వణకడం లేదు, కళ్ళు వాలడం లేదు.

"ఆర్టరీ," అన్నారు డాక్టరు గారు. పెద్ద సిస్టరు అవతల రక్తం తుడిచిన గుడ్డ ముక్కలు లెక్కపెడుతోంది.

క్రిస్టినా చెయ్యి ముందుకు సాగింది. పనిముట్టు వెళ్ళి ఆయన అరచేతిలో చప్పుడు చేస్తూ పడింది. ఆయన తల ఎత్తలేదు. ఎవరిచ్చారో చూసుకోలేదు. అంతకంటే పెద్ద మెప్పు ఆమెకు ఆ క్షణంలో మరొకటి తోచలేదు.

బయటికొచ్చేసరికి రెండయింది. మేడమ్ పుస్తకం తెరిచి, రబ్బరుతో ఒక చుక్క చెరిపేసి, "రేపూ ఇదే టైముకి," అని వెళ్ళిపోయింది. వరండాలో పొద్దుట పుట్టిన పాప అమ్మమ్మ ఎదురుపడి, ఓటీలో ఉన్నవాళ్ళందరికీ పంచుతూ క్రిస్టినా చేతిలోనూ ఒక పొట్లం పెట్టింది.

"మహాలక్ష్మి పుట్టిందండి సిస్టరు గారూ, నోరు తీపి చేసుకోండి."

నాలుగు కాజాలు. సోమవారం.

క్రిస్టినా పొట్లం కళ్ళకద్దుకుని, గదికెళ్ళి స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ వారమంతా సాయిదుర్గ ఆ డబ్బా చుట్టూ తిరిగింది. "మీ దేవుడు నిన్ను వద్దన్నాడు గానీ నన్ను అనలేదు కదే" అని బుధవారం, "ఒకటి పాడైపోయిందేమో చూద్దామా" అని శుక్రవారం. క్రిస్టినా కరగలేదు. రోజూ ఓటీ నుంచి నిలబడిన కాళ్ళతోనే తిరిగొచ్చి, డబ్బా మూత ఒకసారి తీసి చూసి, మళ్ళీ వేసేది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి కొబ్బరాకు చేత్తో పట్టుకుని వచ్చింది. ఇద్దరూ మెస్సులో భోంచేశారు. తరవాత తలా రెండు కాజాలు. సాల్మన్ వీడియో కాల్ చేసేసరికి సాయిదుర్గ వేళ్ళు నాకుతోంది.

"ట్రే ఎత్తావా అమ్మడూ?"

క్రిస్టినా డబ్బా వంచి చూపించింది.

"ఖాళీ నాన్నా."

"ఎంతసేపట్లో?"

"రెండు నిమిషాల్లోనండి!" అని సాయిదుర్గ అరిచింది.

"అయితే మేత చాలట్లేదు. రేపట్నించి కొంచెం పెంచాలి."

"ఏది పెంచమంటావు నాన్నా? అన్నమా, కాజాలా?"

సాల్మన్ నోరు తెరిచేలోపు వెనకనుంచి, "అన్నం!" అని ప్రసన్నకుమారి గొంతు. ఇవతల నుంచి, "కాజాలు!" అని సాయిదుర్గ. ఇద్దరి మధ్యా ఫోనులో పెద్ద రగడ మొదలైంది.

ఫోను సాయిదుర్గకే వదిలేసి, క్రిస్టినా డబ్బా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, సోమవారం ఇడ్లీల కోసం మెస్సు కిటికీలో పెట్టి వచ్చింది.